వేటవిల్లు పందెపువిల్లగుట

మనవారి యిండ్లలో నేటికిని అటకమీదనో, దూలమునకు కట్టియో, నారి సడలిన విల్లొకటి యుండుట వింత కాదు. కనుమనాడు దానిని దించి, దుమ్ము దులిపి, పసుపు కుంకుమ లలది, మరల పైకెక్కింతురు. ఆ విల్లును వంచి బాణము విడిచినవారు ఇప్పు డింటి కొకరైనను లేరు. గడచిన మహాసభనాడు భోజనశాల యొద్ద యువకులు కొందఱు మమ్ము చుట్టుకొని, "అయ్యవారూ, మా తాత విల్లు పట్టుకొని పందెములకు పోవచ్చునా?" అని యడిగిరి. పోవచ్చును గాని యున్నదున్నట్లు పోరాదని మాత్రము చెప్పితిమి. విస్తరిముందు కూర్చుండి చెప్పదగిన సమాధానము కాదది. దానిని విస్తరించి వ్రాయుడని సంచిక నడుపువారు కోరుటచేత ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నాము.

మొదట వేటకును పందెమునకును గల భేదము తెలియవలెను. వేటగాని కొక్క బాణమే బాణము. పొదచాటున కూర్చుండి, ఇరువది ముప్పది అడుగులలో మృగము కనబడగానే, నారిని రొమ్ముదాక లాగీ లాగకమున్నే విడుచును. అది తగిలెనా కూడు, తప్పెనా పస్తు. రెండవ బాణమునకు మృగము నిలువదు. కావుననే వేటవిల్లు పొట్టిది, బిరుసైనది, పొదలలో చిక్కుకొననిది. అమ్ములపొదిలోని బాణము లొకదానినిబోలి యొకటి యుండవు. పిట్టకు మొద్దుమొన, కుందేటికి సన్నని ములికి, పందికి వెడల్పయిన అలుగు. ఏ బాణ మెటు కొంచెము వంకరగా పోవునో వేటగాని చేతికి తెలిసియుండును.

పందెమున ఇవి యన్నియు తలక్రిందు లగును. గుఱి కదలదు, పాఱిపోదు, దూరము ముందే కొలిచి గీత గీసియుందురు. కాని యొక్క బాణము తగిలినంతమాత్రమున ప్రయోజనము లేదు. ఒలింపిక్ పద్ధతి పోటీలలో మొదటిదినమున 70 మీటర్లనుండి 72 బాణములు వేయవలెను. గుఱిబిళ్ల యడ్డుకొలత 122 సెంటీమీటర్లు. అందు నడిమి పది గుణముల వలయము 12.2 సెంటీమీటర్లే. మొదటి బాణ మెట్లు విడిచితిమో డెబ్బదిరెండవదియు నట్లే విడువవలెను. వేటగానికి వేగము ప్రాణము. పందెగానికి సామ్యము ప్రాణము. వింటిలో చేయవలసిన మార్పు లన్నియు ఈ యొక్కమాటనుండియే పుట్టును.

ఈ భేదము మన పూర్వులకు తెలియనిది కాదు. వాసిష్ఠ ధనుర్వేదమున లక్ష్యములు నాలుగు విధములని చెప్పబడినది. విలుకాడును గుఱియు కదలక నిలిచినది స్థిరము. గుఱి కదలునది చలము. విలుకాడు కదలుచు నిలిచిన గుఱిని కొట్టునది చలాచలము. ఇరువురును కదలునది ద్వయచలము. వేట చివరి మూటిలోనిది, పందెము మొదటిది. గుఱిని అఱువది ధనువుల దూరమున నిలుపుట ఉత్తమము, నలువది మధ్యమము, ఇరువది కనిష్ఠమని యా గ్రంథమే చెప్పును. ధనువనగా నాలుగు మూరలు. లెక్కించి చూడగా సుమారు 110, 73, 36 మీటర్లగును. ఆ మధ్యమమునకును నేటి ఒలింపిక్ దూరమునకును మూడు మీటర్లే తేడా. ఇది కాకతాళీయమే కావచ్చును. మనుష్యుని భుజబలము యుగములు మాఱినను పెద్దగా మాఱలేదని మాత్ర మొప్పుకొనవచ్చును.

అంతకన్న ముఖ్యమైనమాట మఱొకటి యందే కలదు. అభ్యాసమునకు యౌగికమను విల్లొకటి, యుద్ధమునకు వేఱొకటి యుండవలెననియు, విలుకాని బలముకన్న వింటిబలము కొంచెము తక్కువగా నుండుటే శుభమనియు, వింటిచేత పీడింపబడువానికి గుఱి కనబడదనియు దాని భావము. ఇది చదివియు మేమెట్లు మోసపోయితిమో ముందు చెప్పెదము.

ఏకలవ్యుని కథ యెత్తక ఈ విషయము చెప్పుట మన సభలో సాధ్యము కాదు. బొటనవ్రేలు కోసియిచ్చుటతో కథ ముగిసెనని పలువురనుకొందురు. వ్యాసభారతమున ఇంకొక్కమాట కలదు. అటుతరువాత ఆ నిషాదకుమారుడు తక్కిన వ్రేళ్లతో నారిని లాగెననియు, మునుపటి వేగము మాత్రము రాలేదనియు కవి చెప్పినాడు. నేటి ఒలింపిక్ విలుకాండ్రు నారిని లాగునది చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు ఈ మూటితోనే. బొటనవ్రేలు నారిని తాకదు. ఏకలవ్యుడు పోగొట్టుకొన్న వేగమును ఈ పందెము కోరదు; అతనికి మిగిలిన వ్రేళ్లే కోరును. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడెల్ల వెనుక బల్లమీది పిల్లలు తమ వ్రేళ్లను చూచుకొనెడివారు.

వేట యెట్లు పోయెనో కొంత చెప్పవలెను. ధూర్జటి కాళహస్తిమాహాత్మ్యమున తిన్నని వేటను వర్ణించిననాడు వేట కులవృత్తి. మా చిన్ననాటికి అది సంక్రాంతి పారువేటగా మిగిలినది. 1972 సెప్టెంబరు 9వ తేదీని వన్యప్రాణి సంరక్షణ చట్టమున కామోదము లభించినది. 1991లో వచ్చిన సవరణతో మిగిలిన సందులును మూతపడినవి. ఇది తగినపనియే యని మా యభిప్రాయము. అడవిలో మృగమే లేనప్పుడు వేటగాని గౌరవ మెక్కడిది? చిత్రమేమనగా, 1920 తరువాత ఒలింపిక్ క్రీడలలో చోటు కోల్పోయిన విలువిద్య మరల చేర్పబడినది ఆ 1972 సంవత్సరముననే, మ్యూనిక్ నగరమున. ఒకచోట తలుపు మూయుచుండగా ఇంకొకచోట తెఱచిరి. తెఱచిన తలుపువైపు మనవారు చూడలేదు.

ఇట్లు వేటనుండి గుఱిపందెమునకు మఱలినవారు ఇతరదేశములలోను గలరు. అమెరికా అంతర్యుద్ధమున ఓడిన పక్షమున పోరాడిన మారిస్ థాంప్సన్, విల్ థాంప్సన్ అను సోదరులు, యుద్ధానంతరమున తుపాకులు పట్టరాని స్థితిలో విల్లుపట్టి ఫ్లారిడా చిత్తడి యడవులలో వేటాడిరి. మారిస్ 1878లో దానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. 1879లో అచ్చట జాతీయ విలువిద్యాసంఘ మేర్పడగా మారిస్ దాని మొదటి యధ్యక్షుడయ్యెను, ఆ యేటి చికాగో పందెములలో విల్ ప్రథముడయ్యెను. మనదేశమున రాజస్థానములోని ఉదయపురపు కొండలలో గిరిజన కుటుంబమున పుట్టిన లింబారాం బాల్యమున వెదురువింటితో పిట్టలను కొట్టినవాడు. 1987లో క్రీడాప్రాధికార సంస్థవారు జరపిన పరీక్షలో ఎన్నికై, మఱుసటియేడే సియోల్ ఒలింపిక్సుకు పోయెను. 1992లో బీజింగున జరిగిన ఆసియా పోటీలలో 30 మీటర్ల దూరమున 360కి 357 గుణములు సాధించి నాటి ప్రపంచరికార్డుతో సమానముగా నిలిచెను. పిట్టలను కొట్టిన చేయి ఆ గుణముల నెట్లు తెచ్చెనని యడుగుదురేమో. కన్ను పాతదే, విల్లును, విడుచు తీరును క్రొత్తవి.

ఆంధ్రదేశమున విజయవాడ ఈ విద్యకు పేరుగన్నది. ఆ యూరి వెన్నం జ్యోతిసురేఖ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణములు గెలిచినది. ఆమె పట్టునది కప్పీలు గల కాంపౌండు విల్లు. అట్టి సామగ్రి మొత్తము వెల లక్షరూపాయలు దాటును. మన పల్లెబాలునికి అది తొలిమెట్టు కాజాలదు. కాని జాతీయ పందెములలో వెదురువింటితో వేయు ‘ఇండియన్ రౌండు’ అను విభాగము కలదు. అందు పెద్దలకు 50, 30 మీటర్ల దూరములు. అటకమీది వింటికి చేరువ ద్వారమిదియే. (పోవువారు ఆ యేటి నియమావళిని ముందుగా తెప్పించి చదువుకొనవలెను, అచ్చటికి పోయి వాదులాడినచో లాభము లేదు.)

ఇక మా కథ. 1994లో కర్నూలుజిల్లా పల్లెపాఠశాలలో మేము పనిచేయుచుండగా మనవారి పిల్లవాడొకడు, తొమ్మిదవ తరగతివాడు, ఉండేలుతో చింతకాయలు రాల్చుటలో మిక్కిలి ప్రసిద్ధుడు. పట్టణమున విలువిద్య పందెము లున్నవని విని వానిని పంపదలచితిమి. విల్లో? మా తాతగారి విల్లే అటకమీద నుండెను. గట్టివెదురు బద్ద, ఏడు కణుపులు, మూడున్నర మూరల నిడివి. స్ప్రింగు త్రాసునకు నారిని తగిలించి లాగిచూడగా ఇరువదియైదు కిలోలు తూగెను. పిల్లవాడు నాలుగు బాణములు చక్కగా వేసెను. ఐదవదానికి చేయి వణకెను. పదవది బడిగోడ దాటెను. వింటిచేత పీడింపబడుట యనగా నేమో శ్లోకమున చదివినదానిని అప్పుడు కంట చూచితిమి.

బలము తగ్గింపవలెనని తెలిసినది. ఎట్లు తగ్గింపవలెనో తెలియలేదు, తెలిసినవారి నడుగనులేదు. సంస్కృతము చదివిన గర్వము! వింటికి ముందువైపు, అనగా గుఱిని చూచువైపు, వెదురు పైతోలు నున్నగా మెఱయుచు కణుపులు పొడుచుకొనియుండెను. అవి వికారముగా నున్నవని కత్తితో చెక్కి, గాజుపెంకుతో గీకి, చదును చేసితిమి. త్రాసున పదునెనిమిది కిలోలు తూగగానే పొంగిపోతిమి. మఱునాడు బాలుడు నారిని గడ్డముదాక లాగగా పై కణుపునొద్ద చీలి, విల్లు రెండుగా విఱిగి, ఒక పేడు వాని కనుబొమను కోసినది. కన్ను దక్కుట దైవకృప. ఆ మచ్చ నేటికిని వాని ముఖమున నున్నది. వాడు మా యింటికి వచ్చినప్పుడెల్ల మా చూపు మొదట దానిమీదనే పడును.

మా పెదనాయనగారు అప్పటికి ఎనుబదియేండ్లవారు. విఱిగిన ముక్కలను త్రిప్పి చూచి, "చదువుకున్నోనివి గదప్పా, ఎద్దుకు తోలొలిచి మడక కడతారా?" అనిరి. ఆ యొక్కమాటలో శాస్త్రమంతయు నున్నది. వింటిని వంచినపుడు ముందువైపు సాగును, విలుకానివైపు నొక్కుకొనును. వెదురునందు బలమైన నారలన్నియు పైతోలునొద్దనే దట్టముగా నుండును. సాగుటను ఓర్చునవి యవియే. వానిని కోసినచో విల్లు చచ్చినదే. తగ్గింపవలసినచో విలుకానివైపు కడుపునే తగ్గింపవలెను, ముందుతోలును గోటితోనైన గీరరాదు. మఱియు ముప్పదియేండ్లు పొయ్యిపొగలో ఎండిన బద్ద పెళుసెక్కియుండును. కావున యువకులకు మేము చెప్పునది: తాతగారి విల్లు రెండుమూడు కిలోలు మాత్రమే బరువైనచో కడుపువైపు చిత్రిక పట్టి సరిచేయవచ్చును, అంతకు మించినచో దానిని దండముపెట్టి అటకయెక్కించి, దాని కొలతలు చూచి క్రొత్తది చేసికొనుడు.

పెదనాయనగారే దగ్గఱనుండి రెండవవిల్లు చేయించిరి. పుష్యమాసమున మూడేండ్లు దాటిన గట్టివెదురు కొట్టించి, చీల్చి, నీడను ఆఱునెలలు ఆఱవేసితిమి. నిడివి నాలుగు మూరలు. అగ్నిపురాణమున నాలుగు మూరల విల్లు శ్రేష్ఠమనియు, మూడున్నర మధ్యమమనియు, మూడు కనిష్ఠమనియు నున్నది. వేటకు పొట్టివిల్లే సుకరము. కాని పూర్తిగా లాగినపుడు పొట్టివింటి నారి వ్రేళ్లవద్ద ఇఱుకుగా ముడుచుకొని వ్రేళ్లను నలుపును, పొడుగువింట ఆ బాధ తక్కువ, చేతివణకును అది కొంత సైరించును. కణుపులు మూడో, ఐదో, ఏడో, తొమ్మిదో యుండవలెను గాని సరిసంఖ్య కూడదని వాసిష్ఠము చెప్పును. ఇది శకునమని నవ్వువారు కలరు. బేసియైనచో నడిమికణుపు పిడిలోనికి వచ్చి, వంగరానిచోట గట్టిదనమునిచ్చి, ఇరుప్రక్కల కణుపులు సమానముగా పంచుకొనబడును. శాస్త్రకారుడు దీనినే శుభమనెనని మాకు తోచినది.

తరువాతిపని ఓపికకు పరీక్ష. గోడకు మేకు కొట్టి, పిడిని దానిపై నిలిపి, నారికి త్రాడుకట్టి క్రిందికి లాగుచు, పదియడుగుల దూరమునుండి వంపు చూడవలెను. ఎచ్చట బిఱ్ఱుగా నున్నదో బొగ్గుతో గుర్తిడి, అచ్చట కడుపువైపు గాజుపెంకుతో నాలుగుమార్లు గీకి, ఇరువదిమార్లు మెల్లగా వంచి, మరల చూడవలెను. ఎక్కువగా వంగుచోటును మాత్రము ముట్టరాదు. క్రిందికొమ్మను పైకొమ్మకన్న వెండ్రుకవాసి బిఱుసుగా నుంచుట మేలు, బాణము పిడికి పైగా పోవును గనుక. ఈ పనికి మాకు తొమ్మిది సాయంకాలములు పట్టినవి. చివరకు విల్లు పదునైదు కిలోలు తూగెను. 72 బాణములకు ఈ వింట 1080 కిలోలు లాగినట్లు. తాతగారి వింట 1800 కిలోలు. పదునాలుగేండ్ల భుజమున కా తేడా చిన్నది కాదు.

అర్థశాస్త్రమున తాటికఱ్ఱ, వెదురు, కఱ్ఱ, కొమ్ము ఈ నాలుగింటి విండ్లును, నారికి మూర్వ, జిల్లేడు, జనుము, వెదురు, నరము మున్నగునవియు చెప్పబడినవి. అవన్నియు మంచివే, కాని తేమకు సాగి యెండకు ముడుచుకొనును. ఉదయపు నారి మధ్యాహ్నమున కొకటి కాకున్నచో సామ్యమెక్కడిది? పాలియెస్టరు పోగులు పది పండ్రెండు పేని, తేనెమైనము రాచి పెట్టినచో చాలును. అంగడిలో ఏమాత్రము సాగని క్రొత్తరకపు దారములును దొరకును. అవి వెదురువింటికి వలదు, ఆ యదటునకు వింటికొప్పులు చీలును. నారినడుమ వేఱొక దారమును బిగువుగా చుట్టి, బాణము తగిలించుచోట చిన్నముడి వేయవలెను. వేటగాడు చూపుతో పెట్టును. పందెగాడు ముడి తగిలినచోట పెట్టును. ఎక్కుపెట్టిన వింటి పిడినుండి నారికి గల యెడమును ప్రతిదినము కొలువవలెను. ఆంగ్లేయ విలుకాండ్రు పిడికిలి మూసి బొటనవ్రేలు చాచి దీనిని కొలిచెడివారు. మా పెదనాయనగారును అట్లే కొలిచిరి. ఆయన ఆంగ్లేయుల నెఱుగరు.

విల్లు కుదిరినదిగదా యని సంతోషించి బాణముల నుపేక్షించితిమి. మొదటివారము ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. బాణము నారిని వదలునపుడు నిటారుగా పోదు. పామువలె వంగి, పిడిని చుట్టుకొని పోయి, ఆపై సరియగును. 1930 తరువాతి దశాబ్దమున తీసిన అతివేగపు ఛాయాచిత్రములు దీనిని స్పష్టముగా చూపినవి. ప్రతిబాణము నొకేవిధముగా వంగనిచో ఒకేచోట పడదు. పరీక్ష సులభము: 26 అంగుళముల యెడముగల రెండు మేకులమీద కోలను పెట్టి, నడుమ రెండుపౌనుల బరువు వ్రేలాడదీసి, ఎంత క్రిందికి వంగెనో కొలువవలెను. నలువది వెదురుకోలలలో ఒక్కతీరున వంగినవి పదునాలుగు దొరికినవి. వానిని ఊరి కంసాలి త్రాసున తూచి, పండ్రెండింటిని ఏఱితిమి. బంగారము తూచుత్రాసున వెదురుపుల్లలు తూచుట చూచి ఆయన మమ్ము సందేహముగా చూచెను.

వెడల్పయిన అలుగులు పనికిరావు. అవి గాలిలో తామే రెక్కలై బాణమును దారి మఱలించును, గుఱిబిళ్లను చీల్చును. ఒకేబరువుగల సన్నని మొనలే కావలెను. పింజకు కాకి, హంస, నెమలి, గ్రద్ద మొదలగు పక్షుల యీకలను గ్రంథము చెప్పును. ఆ పక్షులను నేడు తాకరాదు, సీమకోడి యీకలు చాలును. అయితే ఒకబాణమునకు కుడిరెక్క యీకలైనచో మూడును కుడివే, పండ్రెండింటికిని అవియే కావలెను.

మిగిలినది చేయి. కేశమూలము, చెవి, మెడ, భుజము మొదలుగా నారిని లాగి నిలుపుచోటులను శాస్త్రము ఐదు చెప్పినది. మేము చూపుడువ్రేలు గడ్డముక్రింద ఆనుచోటును నిశ్చయించితిమి. బాలుని కిదియే కష్టమైనది. గుఱి కనబడగానే వాని చేయి విడిచెడిది. ఉండేలు నేర్పిన గుణమది. నారి గడ్డమున కానిన పిమ్మట "ఒకటి, రెండు" అని లోలోపల లెక్కించి విడువుమని నియమము పెట్టితిమి. మూడునెలలు పట్టినది. ఒకనాడు విసిగి, "అయ్యవారూ, ఇంతసేపుంటే కుందేలు నంద్యాల చేరుతుంది" అనెను.

మఱుసటియేటి పందెమున వాడు ముప్పదియాఱు బాణములు వేసెను. ఒక్కటియే గుఱిబిళ్లను దాటి గడ్డిలో పడినది. నాల్గవస్థానము, పతకము రాలేదు. మా పెదనాయనగారు ఆ సంగతి విని, "ఆ ఒక్కటి యెందుకు పోయింది?" అని మాత్ర మడిగిరి. ఆ బాణమునకు పింజ కొంచెము ఊడియుండెనని తరువాత తెలిసినది.

ఆ విల్లు నేటికిని మాయింట నున్నది. పని ముగియగానే నారి విప్పి, ఎండ తగలనిచోట అడ్డముగా పెట్టుదుము. బాణము లేక ఉత్తనారిని లాగి విడువ నెవ్వరికిని అనుమతి లేదు. పదునైదు కిలోలలో ఇప్పుడు పదమూడే మిగిలినది. ఆ బాలునికిప్పుడు నలువదియేండ్లు దాటినవి. వాని కూతురు ఆదివారము ఉదయమున వచ్చి, పిడికిలి మూసి బొటనవ్రేలు చాచి నారియెడమును కొలుచుకొని, విల్లు తీసికొని బడి మైదానమునకు పోవును. తాతగారి విల్లు రెండుముక్కలును అటకమీదనే యున్నవి. కనుమనాడు రెంటికిని పసుపు పెట్టుచున్నాము.